షేక్‌హ్యాండ్ దాకా: జర్మనీ పౌరసత్వానికి నా ఆరేళ్ళ నడక

మాది చీరాల దగ్గర ఊరు. మేము దూదేకులవాళ్ళం. పేరుకు ముందు షేక్ ఉంటుంది, ఇంట్లో మాట మాత్రం తెలుగే. ఉర్దూ నాకు హిందీ సినిమా పాటల్లో వినపడినంతే వచ్చు. "తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా" అనే సామెతను చిన్నప్పుడు నా ముందే అనేవాళ్ళు, నేనూ వాళ్ళతోపాటు నవ్వేదాన్ని. గుంటూరులో ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయిలు "నువ్వు ముస్లిమా? మరి ఉర్దూ రాదే?" అని అడిగేవాళ్ళు. హిందూ స్నేహితురాళ్ళేమో "నువ్వసలు సాయిబుల పిల్లలా ఉండవే" అనేవాళ్ళు, మెచ్చుకుంటున్నట్టు. ఈ రెండు మాటల మధ్యే పెరిగాను కాబట్టి, 2019 జూన్‌లో పెళ్ళయి మా ఆయనతో స్టుట్‌గార్ట్ దగ్గరి ఊరికి వచ్చినప్పుడు, మతం విషయంలో నన్ను కొత్తగా ఎవరూ ఏమీ అనలేరులే అనుకున్నాను.

మొదటి పాఠం ఇల్లు వెతకడంలోనే. మా పేరుతో మెయిల్ పెడితే జవాబు రాదు, వస్తే "ఇల్లు అయిపోయింది" అని వస్తుంది. అదే ఇంటికి మా ఆయన ఆఫీసులోని జర్మన్ కొలీగ్ ఫోన్ చేస్తే శనివారం చూడ్డానికి రమ్మన్నారు. మూడోసారి కూడా ఇలాగే జరిగాక అనుమానం కాస్తా లెక్కగా మారింది. చివరికి ఇల్లిచ్చిన పెద్దాయన అగ్రిమెంటు మీద మా పేరు చూసి, "షైఖ్ అంటే, నూనె బావులున్నాయా మీకు?" అని నవ్వాడు. జర్మన్‌లో అరబ్బు షేకులను అనే మాటా మా పేరూ వినడానికి ఒకటే. మా నాన్న గవర్నమెంటు స్కూల్లో తెలుగు పండిట్‌గా రిటైరయ్యాడని, మాకున్న బావి ఇంటి వెనక ఉప్పునీళ్ళ బావేనని చెప్పేంత జర్మన్ నాకప్పుడు రాదు.

ఆ సెప్టెంబరులో ఇంటిగ్రేషన్ కోర్సులో చేరాను. 600 గంటలు భాష, 100 గంటలు ఈ దేశపు చరిత్ర, చట్టాలు, పద్ధతులు. ఇంటిగ్రేషన్ అన్న మాటకు నాకు తోచిన తెలుగు "కలిసిపోవడం". పాలల్లో నీళ్ళు కలిసిపోయినట్టా, పెళ్ళిలో రెండు ఇళ్ళవాళ్ళు కలిసిపోయినట్టా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

క్లాసులో పద్దెనిమిది మందిమి. ఎక్కువమంది సిరియా వాళ్ళు, తర్వాత అఫ్గాన్లు, ఇద్దరు ఎరిత్రియా వాళ్ళు, ఒక బ్రెజిల్ అమ్మాయి, నేను. మొదటిరోజు ఎవరి దేశం వాళ్ళు చెప్పుకున్నాం. "ఇండియా" అనగానే టీచరు ముఖం విప్పారింది. యోగా, ఐటీ, మసాలాలు అంది. నాకూ హాయిగా అనిపించింది. నా మతం చెప్పలేదు. దాచలేదు, చెప్పనూ లేదు. తలమీద ముసుగు లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఇండియా అనే గొడుగు కింద అలా ఐదు నెలలు నిలబడ్డాను. ఎండా వానా అంతా పక్కవాళ్ళ మీదే పడింది.

ఆ పక్కావిడ అలెప్పోలో ఫార్మసిస్టుగా చేసింది. 2015లో పిల్లాడిని ఎత్తుకుని వచ్చింది. తెల్లటి హిజాబు, చేతిలో ఎప్పుడూ పదాలు రాసుకున్న చిన్న నోటుబుక్కు. క్లాసులో అందరికంటే ముందుండేది. నేను ఆవిడను అక్కా అని పిలిచేదాన్ని. అర్థం చెప్పాక అది ఆవిడకు బాగా నచ్చింది. మా ఇంటికి కాఫీకి వచ్చి, గోంగూర పచ్చడి రొట్టెకు రాసుకుని తిని, వాళ్ళ వంకాయ ఊరగాయ ఒక సీసా ఇచ్చి వెళ్ళేది.

ఒకరోజు ఆవిడ మెట్లు దిగి వెళ్ళాక పైఅంతస్తు ముసలావిడ నన్ను ఆపింది. నిజంగా మంచిది, మా చెత్తడబ్బా కూడా తనే బయట పెట్టేది. "మీరు ఎంత చక్కగా కలిసిపోయారు! వాళ్ళలా కాదు" అని, ఇప్పుడే మూసుకున్న వీధి తలుపు వైపు గడ్డంతో చూపించింది. నేను "థాంక్స్" అన్నాను. నాకు అప్పటికి బాగా వచ్చిన జర్మన్ మాట అదే. లోపలికి వచ్చి కాఫీ కప్పులు కడుగుతుంటే హాస్టల్ గుర్తొచ్చింది. సాయిబుల పిల్లలా ఉండవే. అప్పుడూ నవ్వి ఊరుకున్నాను.

ఇంకొక సంగతి కూడా రాయాలి. మా క్లాసులో ఒక అఫ్గాన్ జంట ఉండేది. టీచరు భార్యను ఏది అడిగినా భర్తే జవాబు చెప్పేవాడు. ఆమె తల ఎత్తేది కాదు. ప్రభుత్వ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తేగానీ ఆమెను పంపలేదని తర్వాత తెలిసింది. నాకు ఒళ్ళు మండేది. ఆ మంట అతని తీరు మీదా, లేక అతన్ని చూసి మా అందరినీ అదే గాటన కట్టేస్తారన్న భయం మీదా అంటే, సగం సగం. టీచరు గొడవేమీ చేయలేదు. మాటల సాధన కోసమని చెప్పి ఆమెను గది అవతలి చివర, బ్రెజిల్ అమ్మాయి పక్కన కూర్చోబెట్టింది. మూడు వారాలకు ఆమె తనంతట తాను చెప్పిన మొదటి వాక్యం: "నా భర్త వంట బాగా చేయడు." అందరం పగలబడి నవ్వాం, అతను కూడా. ఇంటిగ్రేషన్ గురించి టీవీల్లో చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ కుర్చీ మార్చడమే గుర్తొస్తుంది.

2020 ఫిబ్రవరి 19, బుధవారం రాత్రి. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి హనావ్‌లో హుక్కా బార్లకు, ఒక కియోస్క్‌కు వెళ్ళే కుర్రవాళ్ళను జాత్యహంకారి ఒకడు కాల్చి చంపాడు. తొమ్మిది మంది. దాదాపు అందరూ వలస కుటుంబాల పిల్లలు, చాలామంది అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. కలిసిపోవడానికి వాళ్ళకు ఇంకేం మిగిలిందో నాకు అర్థం కాలేదు. మర్నాడు క్లాసులో టీచరు బోర్డు మీద ఏమీ రాయలేదు. చాలాసేపు మాట్లాడలేకపోయింది. అక్క నోటుబుక్కు తెరవకుండా కూర్చుంది. ఆ రోజే నేను మొదటిసారి, ఎవరూ అడగకుండానే, "నేనూ ముస్లిమే" అన్నాను. అక్క నావైపు తిరిగి "తెలుసు. మీ ఇంట్లో వంటగది గుమ్మం పైన రాసి ఉంది కదా" అంది. బిస్మిల్లా స్టిక్కరు. అమ్మ పెట్టెలో పెట్టి పంపింది, నేనే అంటించి మర్చిపోయాను.

నెల తిరక్కుండానే కరోనా. మిగతా కోర్సు కంప్యూటర్లో. చివరి పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. 33 ప్రశ్నలు, గంట టైము, 17 సరిగ్గా పెడితే పౌరసత్వానికీ సరిపోతుంది. ప్రశ్నలన్నీ ముందే బయట ఉంటాయి: దేశానికంతటికీ 300, రాష్ట్రానికి 10. ఈస్టర్‌కు గుడ్లకు రంగులు వేస్తారా, బెర్లిన్ గోడ ఏ సంవత్సరంలో కట్టారు, మా బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్ర చిహ్నంలో ఏముంటుంది (మూడు సింహాలు). మన ఎంసెట్ చూసినవాళ్ళకు ఇది పరీక్షే కాదు. నాకు 33కి 32 వచ్చాయి. పోయిన ఒక్కటీ ఏమిటో ఇప్పటికీ తెలియదు.

అయితే మా రాష్ట్రంలో ఈ పరీక్షకు ముందు ఇంకోటి ఉండేది. 2006 జనవరిలో ఇక్కడి ప్రభుత్వం అధికారుల కోసం 30 ప్రశ్నల పత్రం అమల్లోకి తెచ్చింది. ముస్లిం దేశాల నుంచి వచ్చి పౌరసత్వం అడిగేవాళ్ళను వాటితో జల్లెడ పట్టమని. జనం దానికి "ముస్లిం టెస్ట్" అని పేరు పెట్టారు. మీ కూతురిని స్కూల్లో ఈతకు పంపుతారా? మీ కొడుకు తాను స్వలింగ ప్రేమికుడినని, ఇంకో మగవాడితో కలిసి బతుకుతానని చెబితే ఏం చేస్తారు? ఇలాంటివి. 2011లో ప్రభుత్వం మారాక దాన్ని ఎత్తేశారు. అప్పటి ఇంటిగ్రేషన్ మంత్రి బిల్కాయ్ ఓనెయ్ టర్కీ మూలాలున్న మహిళ. నేను ఫోన్లో ఆ ప్రశ్నలు నాన్నకు చదివి వినిపించాను. నాన్న అంతా విని, "ఇదే కాగితం మన నియోజకవర్గంలో అన్ని పార్టీల నాయకులకూ ఇస్తే ఎంతమంది పాసవుతారమ్మా?" అన్నాడు. ఇక్కడి పల్లెల్లో మాత్రం ఎంతమంది పాసవుతారు నాన్నా, అన్నాను.

కొన్ని శుక్రవారాలు టర్కీ వాళ్ళ మసీదుకు వెళ్ళాను. ప్రసంగం టర్కిష్‌లో. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అక్కడ ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని "హిందిస్తాన్?" అని అడిగి, నువ్వుల రొట్టె పెట్టేది. ఆమె భర్త 1969లో కార్ల ఫ్యాక్టరీకి వచ్చాడట. టర్కీతో కూలీల ఒప్పందం జరిగింది 1961లో. యాభై ఏళ్ళున్నా అవ్వకు నాకున్నంత జర్మన్ కూడా లేదు. "ఇంతకాలముండీ భాష నేర్చుకోలేదు చూడు" అని అవ్వలాంటివాళ్ళనే వేలెత్తి చూపిస్తారు. నేనూ మొదట్లో అనుకున్నాను. తీరా చూస్తే ఈ ఇంటిగ్రేషన్ కోర్సులు మొదలైంది 2005లో. నాకు దొరికిన 600 గంటలు అవ్వకు ఆమె పడుచు రోజుల్లో ఎవరూ ఇవ్వలేదు. కొన్నేళ్ళు పనిచేసి వెళ్ళిపోతారని ఇటూ అనుకున్నారు, అటూ అనుకున్నారు. అవ్వ ఇంట్లో చాలా ఏళ్ళు మంచంకింద సూట్‌కేసు సర్దే ఉండేదట.

2021లో ఒక గోడౌన్ కంపెనీలో బిల్లింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. ఇక్కడే షేక్‌హ్యాండ్ సంగతి మొదలవుతుంది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళకు చెయ్యి ఇవ్వరు. దానికి మతం ఎంత కారణమో, ఊరు అంతే కారణం. మా పక్కింటి శేషమ్మ పిన్ని కూడా ఎవరికీ చెయ్యి ఇవ్వదు, నమస్కారం పెడుతుంది. ఇక్కడ అలా కుదరదు. అంతకుముందే, 2020లో, మా రాష్ట్రపు పరిపాలనా హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. లెబనాన్ నుంచి వచ్చి ఇక్కడే వైద్యం చదివిన డాక్టరు, పౌరసత్వ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నవాడు, పత్రం అందుకునే రోజున మహిళా అధికారికి చెయ్యి ఇవ్వనన్నాడు. భార్యకు మాట ఇచ్చానన్నాడు. పత్రం ఇవ్వలేదు. కోర్టు కూడా ఇవ్వక్కర్లేదంది. అప్పటికి కరోనా వల్ల దేశంలో ఎవరూ ఎవరికీ చెయ్యి ఇవ్వడం లేదు, అది వేరే సంగతి.

ఈ తీర్పు మీద మా కోర్సు గ్రూపులో వారంపాటు వాదన నడిచింది. అక్క, హిజాబు వేసుకునే మా అక్క, "అతను తప్పే చేశాడు. రోగి నాడి పట్టుకోడా?" అంది. అఫ్గాన్ ఆయన "ముఫ్ఫై మూడుకి ముఫ్ఫై మూడు వచ్చినా చాలదా?" అన్నాడు. నాకు ఇద్దరి మాటా నిజమనిపించింది. ఆడమనిషి చెయ్యి తాకననడం ఆ అధికారిని చిన్నబుచ్చడమే. అయినా, పదేళ్ళ చదువూ వైద్యమూ ఒక అరచేతి దగ్గర ఆగిపోవడం కూడా నాకు మింగుడు పడలేదు. నేను మాత్రం ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి మా ఆయనతో ప్రాక్టీసు చేశాను. చెయ్యి మెత్తగా ఉండకూడదు, కళ్ళలోకి చూడాలి. "చేపను పట్టుకున్నట్టు పట్టుకుంటున్నావు" అని ఆయన నవ్వడం. ఉద్యోగం వచ్చింది.

పౌరసత్వం తీసుకోవాలని మాత్రం 2024 దాకా అనుకోలేదు. ఆ జనవరిలో కరెక్టివ్ అనే పరిశోధక వార్తాసంస్థ ఒక కథనం వేసింది. బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్ దగ్గర జరిగిన ఒక రహస్య సమావేశంలో వలసలను వ్యతిరేకించే తీవ్ర జాతీయవాదులు లక్షలమంది వలసదారులను, అందులో "కలిసిపోని" పౌరులను కూడా, ఎలా వెనక్కి పంపాలో మాట్లాడుకున్నారని. దేశమంతా జనం రోడ్ల మీదకు వచ్చారు. చలిలో నేనూ అక్కా స్టుట్‌గార్ట్‌లో నిలబడ్డాం. చుట్టూ వేలమంది, అందులో మా పైఅంతస్తు ముసలావిడ కూడా! చేతిలో అట్టముక్క మీద తనే రాసుకొచ్చిన నినాదం. నన్ను చూసి వచ్చి కౌగిలించుకుంది. మనుషులను ఒకే గదిలో పెట్టి తాళం వేయలేమని ఆ రోజు తెలిసింది. ఓటు కావాలని కూడా ఆ రోజే అనిపించింది.

2024 జూన్ 27 నుంచి కొత్త చట్టం వచ్చింది. ఎనిమిదేళ్ళకు బదులు ఐదేళ్ళుంటే చాలు. జర్మనీ పాత పౌరసత్వం వదులుకోమనదు, కానీ ఇండియా రెండు ఒప్పుకోదు కాబట్టి మనకు ఆ లాభం లేదు. మా ఆయన పొలం, నాన్నగారి ఆస్తి అంటూ ఇండియన్ పాస్‌పోర్టే ఉంచుకున్నాడు. నేను జూలైలో 255 యూరోలు కట్టి అప్లై చేశాను. జీతం చీటీలు, ఇంటి అగ్రిమెంటు, భాష సర్టిఫికెట్, పరీక్ష సర్టిఫికెట్. తీవ్రవాద సంస్థలతో సంబంధం లేదని సంతకం. గూఢచారి శాఖ దాకా విచారణ వెళ్తుంది. కొత్తగా ఒక ప్రకటన కూడా: నాజీల అకృత్యాల పట్ల జర్మనీకున్న చారిత్రక బాధ్యతను, ముఖ్యంగా యూదుల జీవనానికి రక్షణను గుర్తిస్తున్నానని. మనస్ఫూర్తిగానే చేశాను. ఆఫీసులో ఆవిడ ఆ ప్రకటనను నా సొంత మాటల్లో చెప్పమంది. చెప్పాను. ఇంట్లో ఏ భాష అని అడిగింది. తెలుగు అన్నాను. "అది అరబిక్ లాంటిదా?" అంది. కాదండీ, అన్నాను. ఎనిమిది కోట్ల మంది మాట్లాడతారంటే నమ్మలేనట్టు చూసి, రాసుకుంది.

ఆ ఎదురుచూపులోనే దేశం వేడెక్కింది. అంతకుముందే మే 31న మా రాష్ట్రంలోని మన్‌హైమ్‌లో ఒక అఫ్గాన్ యువకుడు కత్తితో పొడిచాడు, ఒక పోలీసు చనిపోయాడు. ఆగస్టులో జోలింగెన్ పండగలో సిరియా నుంచి వచ్చినవాడు ముగ్గురిని చంపాడు. భయపడేవాళ్ళది ఉత్త ద్వేషమే అని నేననను. జోలింగెన్ తర్వాత నేనూ ట్రైన్లో సంచీలు చూశాను. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకాయన, తన వీసా రెన్యూవల్ కోసం రోజూ వాపోయే మనిషి, "వీళ్ళందరినీ ఓడెక్కించేస్తేగానీ ఈ దేశం బాగుపడదు" అని పెట్టాడు. వీళ్ళంటే ఎవరని నేను ప్రైవేటుగా అడిగాను. "నేనూ ముస్లింనే కదా అన్నయ్యా." వెంటనే జవాబు: "అయ్యో, నిన్ను కాదమ్మా! నువ్వు మనమ్మాయివి." ఉగాదికి ఆయనకు పచ్చడి కలిపిచ్చింది నేనే.

డిసెంబరు 20న మాగ్డెబుర్గ్ క్రిస్మస్ సంతలో కారు జనం మీదికి దూసుకెళ్ళింది. సౌదీ నుంచి వచ్చిన డాక్టరు అని వార్త. మర్నాడు కొలీగ్ ఒకడు నావైపు చూసి చూడనట్టు "మళ్ళీ మీవాళ్ళే" అని మెసేజ్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి ఆ డాక్టరు ఇస్లాంను వదిలేసి, ఇస్లాంనే తిడుతూ తిరిగినవాడని తేలింది. మెసేజ్ డిలీట్ అయింది. సారీ మాత్రం రాలేదు.

అదే నెల 8న సిరియాలో అసద్ పారిపోయాడు. అక్క అప్పటికే పౌరురాలు, మా వీధి చివర మందులషాపులో ఫార్మసిస్టు. 2024లో జర్మనీ సుమారు 2,92,000 మందికి పౌరసత్వం ఇస్తే అందులో 28 శాతం సిరియా వాళ్ళే. అసద్ పడిపోయిన మర్నాడే ఇక్కడి నాయకులు కొందరు సిరియా వాళ్ళను వెనక్కి పంపే మాటలు మొదలుపెట్టారు. మెట్ల మీద ముసలావిడ కూడా అడిగింది: "మీ స్నేహితురాలు ఇక వెళ్ళిపోతుందా?" ఈసారి నాకు జర్మన్ వచ్చు. "వెళ్ళిపోతే మీ బీపీ మాత్రలు ఎవరిస్తారండీ?" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం తికమకపడి, "లేదు లేదు, ఆవిడ బంగారం. నేననేది మిగతావాళ్ళ సంగతి" అంది.

ఆ మిగతావాళ్ళను నేనింకా కలవలేదు.

2025 నవంబరులో ఉత్తరం వచ్చింది. దానికి నెల ముందే ఛాన్సలర్ మెర్త్స్ వలసల గురించి మాట్లాడుతూ, నగరాల రూపురేఖల్లో ఈ సమస్య ఇంకా కనిపిస్తోందన్నాడు. ఆ రూపురేఖల్లో నేనూ ఒక గీతనేనా అని అద్దంలో చూసుకుని, చీర కట్టుకుందామా వద్దా అని గంట ఆలోచించి, చివరికి మంగళగిరి చీరే కట్టుకుని, పైన కోటు వేసుకుని వెళ్ళాను.

అధికారి ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. రాజ్యాంగాన్ని, చట్టాలను గౌరవిస్తానని, దేశానికి హాని చేసే పని ఏదీ చేయనని నిలబడి చదివాను. గొంతు ఎందుకో పూడుకుపోయింది. పత్రం ఇచ్చాడు. నేను చేప కాని చెయ్యిని, నాలుగేళ్ళుగా సాధన చేసిన చెయ్యిని, గట్టిగా ముందుకు చాపాను. అతను ఫైల్లో నా పేరు వైపు ఒక్కసారి చూసి, గౌరవంగా, ఎంతో గౌరవంగా, తన చెయ్యి గుండెల మీద పెట్టుకుని తల వంచాడు. ఎవరో నేర్పిన మర్యాద. నా చెయ్యి గాల్లో ఉండిపోయింది. అయ్యో అనుకుని నేను వెనక్కి తీసుకుని సలాం చేయబోయాను. అప్పటికి అతనికి అర్థమై ముఖం ఎర్రబడి, గబుక్కున చెయ్యి చాపాడు. నాది మళ్ళీ వెనకపడింది. ఇద్దరం నవ్వేశాం. అప్పుడు కలిశాయి చేతులు.

బయటికి వచ్చి నాన్నకు వీడియో కాల్ చేశాను. పత్రం చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. "ఇంక ఇక్కడ ఓటుండదన్నమాట నీకు" అన్నాడు. ఉండదు నాన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇంతకీ చెయ్యి ఇచ్చావా?"

"ఇచ్చాను నాన్నా. వాళ్ళే రెండోసారికి ఇచ్చారు."